రాగం అడగకుండా రికార్డు చేయండి

ఆకాశవాణి కొత్తగూడెం కేంద్రం అధికారులకు, కార్యక్రమ నిర్వాహకులకు,

రేడియోకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. మా అమ్మమ్మ మాత్రం చాలా రాయించింది. ఆమెకు చదవడం వచ్చు, రాయడం రాదు. బడి నుంచి వచ్చిన మనవళ్ళలో ముందు ఎవరు దొరికితే వాళ్ళ చేతికి కార్డు ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పేది. ఏ కేంద్రానికి రాయించినా చివరి ముక్క ఒకటే: "వాయిద్యాలు కొంచెం తగ్గించి పాట వినపడేటట్టు వేయగలరు." ఆ కార్డులకు జవాబులు వచ్చాయో లేదో నాకు గుర్తులేదు. ఆమె తరఫున ఈ ఒక్కటీ నేను రాస్తున్నాను. విషయం కార్డులో పట్టేది కాదు, మా ఇంటి ఒక్కరిదీ కాదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అమ్మమ్మ 2023లో పోయింది. తొంభై ఆరు నిండాయి. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర వచ్చినవాళ్ళంతా అన్నది ఒకే మాట: "ముసలమ్మకు పాటల పిచ్చి." ప్రేమగానే అన్నారు. నాకే ఎందుకో ముద్ద దిగలేదు. పిచ్చి ఉన్నవాళ్ళు పని మానుకుని పాడతారు. ఈమె పాట లేకుండా పని చేయడం నేను చూడలేదు, పని లేకుండా పాడడం కూడా పెద్దగా చూడలేదు.

ఆమె పుట్టింది 1926లో, నేలకొండపల్లి పక్క పల్లెలో. పద్నాలుగో ఏట పాల్వంచ దాటాక కిన్నెరసాని వైపున్న ఊరికి కాపురానికి వచ్చింది. రామదాసుగా మనం పిలుచుకునే కంచర్ల గోపన్న నడిచిందీ దాదాపు ఆ దారే. నేలకొండపల్లిలో పుట్టి, మేనమామలు అక్కన్న మాదన్నల చలవతో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. "ఆయన తాసిల్ చేయ వచ్చిండు, నేను కాపురం చేయ వచ్చిన. ఇద్దరం లెక్కల్లనే ఇరుక్కున్నం" అనేది అమ్మమ్మ.

లెక్కలు అంటే ఊరికే అన్న మాట కాదు. 1971లో తాతయ్య పాము కరిచి పోయేనాటికి నలుగురు పిల్లలు, ఆరెకరాలు, రెండు బర్రెలు, తీర్చాల్సిన అప్పు. మిరప కల్లంలో తూకం దగ్గరా, పాలకేంద్రం దగ్గరా ఆమె నోటి లెక్కను ఎవరూ తప్పు పట్టలేకపోయేవారు. శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు ఖైదు అనుభవించిన రామదాసు పాడిన కీర్తనల్లో ఒకటుంది. సీతమ్మకు చేయించిన నగకు ఎంతైందో, తమ్ముళ్ళకు చేయించినవాటికి ఎంతైందో వరహాల్లో వరుసగా చదువుతూ రాముణ్ణి నిలదీస్తాడు. భక్తి సాహిత్యంలో అంత సూటి బాకీ పత్రం ఇంకొకటి ఉంటుందని నేననుకోను. మా ఇంట్లో ఆ కీర్తన నోటీసు. పట్నం నుంచి డబ్బు పంపడం ఆలస్యం చేసిన కొడుకు పండక్కి వచ్చి అరుగు మీద కూర్చోగానే, లోపల్నుంచి ఆ పాట వినిపించేది. రెండో నగ దాకా రాకముందే మా చిన్నమామయ్య చెయ్యి చొక్కా జేబులోకి పోయేది.

ఆమె దగ్గర గడియారం లేదు. ఉన్నా చూసేది కాదు. పనికి కొలత పాట. ఎండాకాలం మధ్యాహ్నాలు మోదుగాకు విస్తర్లు కుట్టేది. ఆకులను ముందు రోజే తెచ్చి బరువు కింద పెట్టి చదును చేసేది. వెదురు ఈనెను సన్నగా చీల్చి, ఒక కొసను పళ్ళతో పదును పట్టి, ఆకు మీద ఆకు వేసి గుచ్చి తుంచేది. గుచ్చడం, తుంచడం, మళ్ళీ గుచ్చడం. ఆ తుంచే చప్పుడే తాళం. ఊర్మిళాదేవి నిద్ర మొదలుపెట్టి, పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి ఆమెను లేపే దాకా పాడితే యాభై విస్తర్లు అయ్యేవి. "ఇంక ఎన్ని కుట్టాలే?" అని అడిగితే, "ఊర్మిళ ఇంకా లేవలే" అనేది. పక్కింటి పెళ్ళికి మూడొందలు కావాల్సి వచ్చినప్పుడు ఊర్మిళ ఆరుసార్లు పడుకుని ఆరుసార్లు లేచింది.

గోదారి దాటడానికీ పాటే కొలత. ఆమె చిన్నతనంలో ఇవతలి గట్టు నైజాం రాజ్యం, భద్రాచలం ఉన్న అవతలి గట్టు ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజధానిలోది. రాముణ్ణి చూడాలంటే సారపాక రేవులో పడవ ఎక్కాలి. నీళ్ళు చూసి పిల్లలు ఏడవకుండా ఆడవాళ్ళంతా పాట ఎత్తుకునేవారట. వంతెన 1965లో వచ్చింది. దాని మీద బస్సు వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మది ఒకటే ఫిర్యాదు: "దీని మీద పోతే పల్లవి గూడ కాకముందే ఒడ్డు వస్తది."

మీ కేంద్రం రాకముందు మాకు పొద్దు పొడుపు విజయవాడ రేడియోతోనే. భక్తిరంజని అయ్యేలోపు పేడ ఎత్తడం, పాలు పితకడం పూర్తి కావాలి. అందులో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు రామదాసు కీర్తన అందుకుంటే, బర్రె కాళ్ళ దగ్గర కూర్చున్నామె చెయ్యి ఆపకుండానే తలూపేది. ఆయన 1930లో పుట్టారని మామయ్య ఎప్పుడో పేపరు చూసి చెబితే, "నాకంటే నాలుగేండ్లు చిన్నోడు. ఆయన వరస ఆయనది, మన వరస మనది" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

శ్రీరామనవమి నాడు రేడియోకు పసుపు రాసి బొట్టు పెట్టేది. ముందర పానకం చెంబు, వడపప్పు. ఉషశ్రీ గారి గొంతులో కల్యాణం నడుస్తుంటే మా అందర్నీ స్నానాలు చేయించి చాప మీద కూర్చోబెట్టేది. జీలకర్ర బెల్లం వేళకు లేచి నిలబడాలి. భద్రాద్రి కల్యాణంలో మంగళసూత్రాలు మూడు. అటువారిది ఒకటి, ఇటువారిది ఒకటి, మూడోది రామదాసు చేయించింది. ఆ ముక్క రాగానే "మూడోది మన ఊరోళ్ళది" అని మమ్మల్ని చూసి గర్వంగా తలెగరేసేది. తలంబ్రాల వేళ దోసిలి నిండా అక్షింతలు రేడియో మీద పోసేది. స్పీకరు జాలీలో ఇరుక్కున్న గింజలను మరునాడు చీపురుపుల్లతో ఒక్కొక్కటీ తీసే పని నాది. తర్వాత ఒక ఏడాది మామయ్య కష్టపడి టికెట్టు సంపాదించి భద్రాచలం మిథిలా స్టేడియానికి తీసుకెళ్ళాడు. వచ్చాక ఎట్లా జరిగిందని అడిగితే, "రేడియోల కనపడ్డంత మంచిగ కనపడలే" అంది. మీ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే పెద్ద బిరుదు ఎవరైనా ఇచ్చారా?

యాభై ఎనిమిదో ఏట హార్మోనియం నేర్చుకుంది. పద్యనాటకాల వాళ్ళకు వాయించే ఒక పెద్దాయన జబ్బుపడి మా ఊళ్ళో మూడు నెలలు ఉండిపోతే, రోజూ జావ కాచి ఇచ్చి, బదులుగా మెట్ల మీద వేళ్ళు పెట్టించుకుంది. పోతూ ఆయన తన పాత పెట్టె ఆమెకే ఇచ్చిపోయాడు. అందులో మధ్యమం మెట్టు నొక్కితే లోపలికి పోయి పైకి రాదు. బాగుచేయించడానికి ఖమ్మం తీసుకుపోదామంటే ఒప్పుకోలేదు. తునికాకు చిన్న ముక్క మడిచి మెట్టు పక్కన దూర్చింది. సరిగ్గా పలికింది. ఆకు ఎండి పెళుసు బారితే మళ్ళీ కొత్తది. ఆ పెట్టె ముందు కూర్చుని ఆడవాళ్ళతో భజన మండలి నడిపింది. అంతకుముందు రామాలయంలో మగవాళ్ళు పాడితే ఆడవాళ్ళు వెనక కూర్చుని అందుకోవడమే. "మనం ముందు పాడితే దేవుడు లేచిపోతడా?" అని అడిగి, ఒక ఏకాదశి రాత్రి ముందుకు వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు గుడిలో దీపాలకు నూనె పోసిందీ ఆమే మరి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు, బూర్గంపాడు వైపు చుట్టాలు మూటాముల్లెతో మా ఇంట్లో దిగారు. అన్ని రోజులూ రెండు పూటలా పెద్ద గుండిగ దించింది లేదు. రాత్రి పిల్లలకు నిద్ర పట్టకపోతే ఆ పెట్టె బయటికి వచ్చేది.

ఇక అసలు సంగతి. ఓసారి పట్నంలో భక్తి సంగీత పోటీలు పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. వయసు పరిమితి లేదని తెలిసి మామయ్య ఆమె పేరు ఇచ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి మైకు ముందు కూర్చుని రామదాసు కీర్తన ఎత్తుకుంది. చరణం సగంలో న్యాయనిర్ణేత చెయ్యెత్తి ఆపి అడిగాడు: "ఇది ఏ రాగం అమ్మా?" ఆమె కాసేపు ఆలోచించి, "మా అత్త వరసండి" అంది. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఏం అర్థమై నవ్విందో తెలియదు. ప్రోత్సాహక బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నెను ఇంటికి తెచ్చి కోళ్ళకు నీళ్ళు పోసింది.

అప్పుడు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తప్పని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. రామదాసు కీర్తనలను ఆయన కాలంలో ఎవరూ స్వరపరిచి రాసిపెట్టలేదు. పదిహేడో శతాబ్దం నుంచి అవి భజన గుంపుల నోళ్ళలో, అత్తల నుంచి కోడళ్ళకు, తల్లుల నుంచి బిడ్డలకు వచ్చాయి. ఈనాడు కచేరీల్లో మనం వినే వరసల్లో చాలావాటికి రూపం ఇచ్చింది ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. బాలమురళి గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వాటికి చేసిన సేవ చిన్నది కాదు, వాటిని నేను రోజూ వింటాను. అయితే గోపన్న చెరసాలలో ఏ వరసలో పాడుకున్నాడో కాగితం చూపించి చెప్పగలవారు లేరు. అలాంటప్పుడు కచేరీ వరస ఒప్పు, కల్లంలో వరస తప్పు అని ఎవరు తేల్చాలి?

ఆ 'అత్త వరస' కథ అక్కడితో అయిపోలేదు. అమ్మమ్మకు ఎనభై దాటాక ఓ వానాకాలం సాయంత్రం అడిగాను, నిజంగా అత్త దగ్గరే నేర్చుకున్నావా అని. లేదంది. కాపురానికి వచ్చిన కొత్తలో కలుపు తీయడానికి అడవి పక్క గూడెం నుంచి కోయ ఆడవాళ్ళు వచ్చేవారు. వారిలో తన ఈడుదే ఒకామె ఉండేది. ఇప్పపూలు తెచ్చి ఇచ్చేది, జొన్నలు పట్టుకెళ్ళేది. ఇద్దరూ సాళ్ళలో పక్కపక్కన వంగి, ఈమె రామదాసు పాడితే ఆమె రేల పాట పాడేది. కొన్నాళ్ళకు ఈమె కీర్తన ఆమె రేల వరసలోకి జారిపోయింది. అత్తగారు విని, "ఇదే బాగుందే, ఇట్లనే పాడు" అన్నదట. "మరి అత్త ఒప్పుకున్నంక అత్త వరసే కదా!" అంది అమ్మమ్మ. మన భాషలో వరస అంటే పాట కట్టూ అదే, చుట్టరికమూ అదే. కలుపు సాళ్ళలో కలిసిన ఆ చుట్టరికాన్ని పాపం ఆ న్యాయనిర్ణేత ఏ మేళకర్తలో వెతుకుతాడు?

భద్రాద్రి కథ తెలిసినవారికి ఇందులో వింత లేదు. పుట్టలో ఉన్న రాముడు మొదట కలలో కనిపించింది పోకల దమ్మక్కకు. ఆమె అడవి మనిషి. తాటిపండు నైవేద్యం పెట్టి పందిరి వేసింది. రామదాసు గుడి కట్టించింది ఆ తర్వాతే.

ఆడవాళ్ళ పాటలను పెద్దలు పట్టించుకోలేదని నేను అనను. నందిరాజు చలపతిరావు గారు స్త్రీల పాటలను 1899లోనే ఏలూరులో అచ్చువేయించారు. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో 'స్త్రీల రామాయణపు పాటలు' తెచ్చింది. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధనకు దారి వేశారు. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటల్లో రామాయణం ఇంటి లోపలి నుంచి ఎలా కనిపిస్తుందో ప్రపంచానికి వివరించారు. ఇవన్నీ నా బీరువాలో ఉన్నాయి. ఊర్మిళ పాట మాటలు వాటిలో దొరుకుతాయి. ఆకు తుంచే చప్పుడు మధ్య ఆ పాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో దొరకదు. దానికి చెవి కావాలి, మైకు కావాలి. పల్లె వరసలను పల్లె వరసలుగానే రేడియోకు ఎక్కించిన వింజమూరి అనసూయాదేవి గారు 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో, అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. మణుగూరు వైపు కోయల కథలను డోలి మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయనా వెళ్ళిపోయారు. మనం సన్మానం చేసేసరికి పాడేవాళ్ళకు గొంతు మిగలడం లేదు.

మా ఇంటి సంగతే చూడండి. 1990ల్లో మామయ్య రెండు క్యాసెట్ల నిండా అమ్మమ్మ పాటలు రికార్డు చేశాడు. కాపీలు తీయించడానికి పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చాడు. వారం తర్వాత తెచ్చి వేస్తే, రెండింటిలోనూ కొత్త సినిమా పాటలు. ఖాళీ క్యాసెట్లు అనుకున్నారట. మామయ్య తిండి మానేశాడు. అమ్మమ్మ మాత్రం, "నేనింకా ఉన్న కదరా, మళ్ళ పాడుత" అంది. మళ్ళీ అంటే మళ్ళీ ఎవరికీ తీరిక దొరకలేదు, నాతో సహా. ఇవాళ మా దగ్గర మిగిలింది 2019లో ఫోన్‌లో తీసిన పదకొండు నిమిషాలు. అందులో మూడుసార్లు కుక్కరు కూత వేస్తుంది. రెండో కూతకు ఆమె పాట ఆపి, "ఎవరన్నా స్టవ్ కట్టెయ్యండే" అని అరిచి, ఆపిన చోటి నుంచే, అదే శ్రుతిలో మళ్ళీ అందుకుంటుంది. ఆ పదకొండు నిమిషాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది.

అందుకే అడుగుతున్నాను. మీ దగ్గర మైకులున్నాయి, రికార్డు చేయడం తెలిసినవారున్నారు, ఈ అడవి అంచు పల్లెలన్నీ మీ గొంతు వినే దూరంలో ఉన్నాయి. వాళ్ళను స్టూడియోకు రమ్మనకండి. ఆడిషన్ పెట్టకండి. ఏ రాగమని అడగకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి, ఏ పని చేస్తూ పాడేవారో అడగండి. ఆ పని చేస్తుండగానే పాడించండి. విస్తరి కుట్టే చప్పుడు, రోకటి పోటు, కోడి కూత అన్నీ పడనివ్వండి. వెనక కీబోర్డు మాత్రం కలపకండి. మాఘ మాసంలో భద్రాచలంలో వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి కదా. విద్వాంసులు గోష్ఠిగా పాడే నవరత్న కీర్తనల పక్కన, ఏదో ఒక ఉదయం మీ ప్రసారంలో ఈ వరసలు కూడా ఓ అరగంట వినిపిస్తే బాగుంటుంది. గూడేల్లో రేల పాటలు పాడే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు కోయ భాష తెలిసినవారిని వెంట తీసుకెళ్ళండి. పాడినవాళ్ళ పేరు, ఊరు చెప్పి వేయండి. పారితోషికం ఇవ్వండి. మా అమ్మమ్మ ఉంటే మొదట అడిగేది అదే.

అమ్మమ్మ నడిపిన భజన మండలిలో ఇప్పుడు ఐదుగురు మిగిలారు. చిన్నామెకు అరవై ఎనిమిది, పెద్దామెకు ఎనభై తొమ్మిది. పెద్దామెకు పళ్ళు లేవు, మాటలు కొన్ని గాలిలో కలిసిపోతాయి, వరస మాత్రం జారదు. మీరు వచ్చేట్టయితే పొద్దున ఎనిమిది లోపు రండి. తొమ్మిదికి ఇద్దరు పత్తి ఏరడానికి వెళ్ళిపోతారు, మైకు ఉందని ఆగరు. వానాకాలం వస్తే వాగు చూసుకుని రండి. హార్మోనియం మా ఇంట్లోనే ఉంది, పెద్దామెకు అది లేనిదే గొంతు లేవదు. మధ్యమం మెట్టు ఇప్పటికీ లోపలికే పోతుంది. నిరుడు పెట్టిన తునికాకు ముక్క ఎండిపోయింది. మీరు వచ్చే రోజు ముందుగా చెబితే పచ్చి ఆకు తెచ్చి ఉంచుతాను.

ఇట్లు,
మీ కేంద్రం శ్రోత,
పాల్వంచ.